పొద్దుగూకితే తగ్గే నీళ్ళు

లెక్కల మేడమ్ ఎవరినీ నమ్మదు. ఈ మాట ఆవిడ ఎదుటే అన్నా కోపం రాదు. పైగా, "నమ్మి ఏం బావుకోవాలి?" అని ఎదురడుగుతుంది. పాలు పోసేవాడు గుమ్మంలో ఉండగానే గిన్నెలో వేలు ముంచి చూస్తుంది. కొట్లో త్రాసు ముల్లు నిలిచేదాకా ఊపిరి బిగబట్టి, కొట్టువాడి చేతివైపే చూస్తుంది. రాత్రి తలుపు గడియ తనే పెడుతుంది, పడుకోబోయే ముందు తనే వెళ్ళి మళ్ళీ చూసొస్తుంది.

"నువ్వు పెట్టిన గడియని నువ్వే నమ్మకపోతే ఎలాగే?" అంటాడు పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన ఆవిడ మొగుడు.

"పెట్టాననే అనుకుంటున్నాను. పెట్టానో లేదో చూస్తే పోయిందేముంది?" అంటుంది. ఇక ఆయన ముసుగుతన్ని పడుకుంటాడు.

ఇది పుట్టుకతో వచ్చిన గుణమేమీ కాదు. చిన్నప్పుడు లెక్కల పుస్తకం చివర ఇచ్చిన జవాబొకటి ఆవిడకి ఎంతకీ రాలేదు. ఎన్నిసార్లు చేసినా ఇంకేదో వచ్చింది. "పుస్తకం తప్పండీ" అంటే పంతులుగారు ఒంటికాలి మీద లేచి చెయ్యి చాపమన్నారు. మరుసటి ఏడు కొత్త పుస్తకంలో జవాబు దిద్ది వేశారు, పంతులుగారు మాత్రం ఆ ఊసే ఎత్తలేదు. ఆ మంట అరచేతిలోంచి పోయింది గానీ మనసులోంచి పోలేదు. టీచరయ్యాక హోమ్‌వర్క్ చూసి, ఇది అన్న చేసింది, ఇది పక్కింటి అక్క చేసింది అని చెప్పేసేది. పిల్లలు చాటుగా ఎక్స్‌రే మేడమ్ అని పేరు పెట్టుకున్నారు. ఆ సంగతీ ఆవిడకి తెలుసు.

అలాంటి మనిషి క్లాసులోకి ఒకరోజు కంప్యూటర్ సారు ఒక పెట్టె మోసుకొచ్చాడు. కుర్రవాడు, ఉద్యోగంలో చేరి ఎన్నాళ్ళో కాలేదు, మాట్లాడేటప్పుడు చేతులు గాల్లో తిప్పుతూ ఉంటాడు. పెట్టెలో పలకల్లాంటి టాబ్లెట్లు ఉన్నాయి. ఇకనుంచి లెక్కల పాఠాలు పుస్తకంలోంచి కాకుండా బతుకులోంచి చెప్పాలట, హెడ్మాస్టరుగారు ఒప్పుకున్నారట.

"ఇన్నాళ్ళూ నేను చచ్చినవాళ్ళకి చెప్పానా పాఠాలు?" అంది మేడమ్.

"అది కాదు మేడమ్…"

"ముందు ఇది చెప్పు. దీని నెత్తిమీద ఈ గుండ్రటి గాజుబిళ్ళ ఏంటి? మనల్ని చూస్తుందా?"

"కెమెరా మేడమ్. మనం ఆన్ చేస్తేనే చూస్తుంది."

"ఆఫ్ చేశామని దానికి తెలుసా?"

ఆ సాయంత్రమే ఆవిడ మందుల షాపులో గాయాలకేసే ప్లాస్టర్ కొని, అన్ని గాజుబిళ్ళల మీదా అతికించింది. అవన్నీ కంటికి దెబ్బ తగిలినవాటిలా వరసగా బీరువాలో కూర్చున్నాయి.

అసలు గొడవ నీళ్ళ తొట్టి పాఠం దగ్గర మొదలైంది. ఒక కుళాయి తొట్టిని ఇన్ని గంటల్లో నింపుతుంది, ఇంకొకటి ఇన్ని గంటల్లో ఖాళీ చేస్తుంది, రెండూ విప్పితే ఎప్పటికి నిండుతుంది? ఏళ్ళ తరబడి ఆవిడ చెబుతున్న లెక్కే అది. ఆ రోజు రెండో బెంచీలోంచి పిచ్చుక చెయ్యెత్తింది. పిచ్చుక అంటే స్కూలు ఊడ్చి తుడిచే ఆయా కూతురు. గుప్పెడంత మనిషి, గలగలా వాగుతుంది, అందుకే ఆ పేరు.

"మేడమ్, ఒకపక్క నింపుతూ ఇంకోపక్క వదిలేసే ఆ తిక్కవాళ్ళెవరు మేడమ్?"

క్లాసంతా గొల్లుమంది. మేడమ్ కూడా మూతి బిగించి నవ్వాపుకుంది. వెనకాల నిలబడ్డ కంప్యూటర్ సారు మాత్రం ఎగిరి గంతేసినంత పని చేశాడు. "మనమే! మన మేడ మీద టాంకు అంతే కదా! పొద్దున పంపు నింపుతుంది, పగలంతా మీరు తాగుతారు. పుస్తకంలో తొట్టి మనకెందుకు?" అన్నాడు.

వారం తిరక్కుండా మేడ మీది నల్ల టాంకు మూతకి లోపలివైపు చిన్న డబ్బా ఒకటి బిగించాడు. అది నీళ్ళ మీదికి చెవికి వినపడని చప్పుడొకటి వదులుతుంది. ఆ చప్పుడు నీళ్ళకి తగిలి వెనక్కి రావడానికి ఎంతసేపు పట్టిందో చూసి, నీళ్ళు ఎంత కింద ఉన్నాయో చెబుతుంది. ఆ అంకె క్లాసు గోడమీది తెరకి వచ్చి నీలం గీత గీస్తుంది. నీళ్ళు పెరిగితే గీత లేస్తుంది, తరిగితే దిగుతుంది.

"చప్పుడు చేసి నీళ్ళు కొలుస్తుందా? ఎవరి చెవిలో పువ్వు పెడదామని?" అంది మేడమ్.

అని ఊరుకుంటే ఆవిడ ఆవిడ ఎందుకవుతుంది! పొడుగాటి కర్ర మీద గీతలు గీసుకుని, రోజూ పొద్దున మొదటి గంట కొట్టకముందే మోకాళ్ళు పట్టుకుని మేడెక్కింది. మూత తీసి కర్ర ముంచి, తడిసినంత మేర కొలిచి, కిందికి దిగి తెరమీది అంకెతో పోల్చుకుంది. సరిపోయింది. మర్నాడు చూసింది, సరిపోయింది. ఇంకొన్ని రోజులు చూసింది, వెంట్రుకవాసి తేడా లేదు.

"ఫరవాలేదయ్యా నీ డబ్బా" అంది చివరికి. స్టాఫ్ రూములో అందరూ నోళ్ళు వెళ్ళబెట్టారు. ఆవిడ నోట ఫరవాలేదు అన్న మాట వినడం వాళ్ళకదే మొదలు.

క్లాసు క్లాసులా లేదిప్పుడు. పిల్లలు గీత చూసి, "ఇదిగో ఇంటర్వెల్!" అని అరిచేవారు. ఆటల పీరియడ్ అయ్యాక గీత ఎంత నిట్టనిలువుగా పడుతుందో చూసి, వాలు అంటే ఏమిటో ఒక్క ముక్క చెప్పకుండానే అర్థం చేసుకున్నారు. ఇన్నేళ్ళూ నోరు పడిపోయేలా చెప్పినా ఎక్కనిది ఇప్పుడిలా ఎక్కుతుంటే మేడమ్‌కి సంతోషమూ వేసింది, కాస్త ఉక్రోషమూ వచ్చింది.

అప్పుడు పిచ్చుక కనిపెట్టింది.

"మేడమ్, లాంగ్ బెల్ అయ్యాక కుళాయిలన్నీ కట్టేస్తారు కదా? మరి పొద్దుగూకేదాకా గీత ఎందుకు దిగుతోంది మేడమ్?"

నిజమే, మెల్లగా దిగుతోంది. ముందురోజు చూశారు, అంతకుముందురోజు చూశారు. రోజూ అంతే. మేడమ్ కళ్ళు మెరిశాయి. ఆవిడ కావాలనుకునేది సరిగ్గా ఇలాంటి పిల్లనే, ఎదురుగా ఉన్నదాన్ని ఉన్నట్టు నమ్మని పిల్లని. "ఎన్ని నీళ్ళు పోతున్నాయో నువ్వే చెప్పు" అని సుద్దముక్క చేతికిచ్చింది. పిచ్చుక బోర్డు అందక కుర్చీ ఎక్కింది. టాంకు అడ్డుకొలత రాసింది, వైశాల్యం కట్టింది, గీత దిగినంత మేరతో హెచ్చవేసింది. రోజుకి సుమారు నాలుగు బకెట్లు. మేడమ్ పైనుంచి కిందికి రెండుసార్లు చూసింది. ఎక్కడా వంక లేదు.

"శభాష్" అంది. క్లాసంతా చప్పట్లు కొట్టింది. పిచ్చుక మొహం చేటంతయింది.

చప్పట్లు ఆగాక వెనక బెంచీలోంచి ఎవరో అన్నారు: "సాయంత్రం పూట బడిలో ఎవరుంటారు మేడమ్?"

సాయంత్రం బడిలో ఉండేది ఒక్క మనిషే అని అందరికీ తెలుసు. పిచ్చుక ఇంకా కుర్చీ మీదే ఉంది.

ఆయా ఉండేది స్కూలు వెనక సందులో. ఆ సందుకి నీళ్ళు వచ్చిన రోజు వచ్చినట్టు, రాని రోజు లేదు. గదులు తుడవడానికి పెరట్లో బోరు ఉంది. మేడమీది టాంకు పిల్లలు తాగడానికి మాత్రమే. ఆ నీళ్ళు ఇంటికి పట్టుకెళ్ళినందుకే అంతకుముందున్న పనిమనిషిని హెడ్మాస్టరుగారు ఉన్నపళంగా పనిలోంచి తీసేశారు. ఇవన్నీ కలిపితే వచ్చే మొత్తం ఏమిటో మేడమ్‌కి కాగితం కూడా అక్కర్లేకపోయింది.

ఆయాని మెట్ల కిందికి పిలిచింది. "చూడమ్మా, నేను డొంకతిరుగుడుగా అడగను. టాంకులో నీళ్ళు నువ్వు తీస్తున్నావా? నిజం చెప్పావంటే నీకూ నాకూ మధ్యే ఉండిపోతుంది. హెడ్మాస్టరుగారి దాకా పోనివ్వను" అంది.

ఆయా తడిచేతులు కొంగుకి తుడుచుకుంది. "ఆ లెక్క మా పిల్ల చేసిందటగా అమ్మా? బోర్డు మీద?" అని అడిగింది.

"అవును."

"తప్పుల్లేకుండా చేసిందా?"

"ఒక్క తప్పు లేదు. నేనే చూశాను."

పిల్ల పేరు చెప్పి జాలి పుట్టించాలని చూస్తోంది, ఎంత తెలివి అనుకుంది మేడమ్.

"తీశానమ్మా" అంది ఆయా తల వంచుకుని. "ఇంకెప్పుడూ తియ్యను."

మేడమ్‌కి గుండెల మీంచి బరువు దిగింది. ఇంటికెళ్ళి మొగుడికి చెప్పింది కూడా, మంచిమాటతో ఎలా నిజం రాబట్టిందో. ఆయన పేపరు దించకుండానే, "ఒప్పుకుందంటే నమ్మావా? నువ్వా?" అన్నాడు. ఆయన ఎప్పుడూ అంతే, గాలి తీసెయ్యడానికే పుట్టాడు.

మర్నాడు సాయంత్రం గీత మళ్ళీ దిగింది, ఆ మర్నాడూ దిగింది.

మేడమ్‌కి ఒళ్ళు మండిపోయింది. మొహం మీదే ఇంకెప్పుడూ తియ్యనని చెప్పి, వీపు తిప్పగానే ఇదా! దయ తలిచినందుకు తనకి తగినశాస్తే జరిగిందని పళ్ళు నూరుకుంది. ఈలోగా పిల్లలు చెవులు కొరుక్కున్న మాట హెడ్మాస్టరుగారికి చేరింది. కంప్యూటర్ సారు పెట్టిచ్చిన నీలం గీతని ఆయన తన ఫోనులో చూసుకున్నాడు, ఆయాని పిలిపించాడు. ఒప్పుకున్నదాన్ని ఆవిడ కాదనలేదు. శనివారంతో పని ఆఖరు, సోమవారం వచ్చి గదుల తాళాలు అప్పగించి వెళ్ళమన్నాడు.

పిచ్చుక వాగడం మానేసింది. ఆఖరి బెంచీకి వెళ్ళి గోడవైపు కూర్చుంది. ఇంతకుముందు తల్లి గదులు తుడిచేదాకా ఆగి, చెయ్యి పట్టుకుని వెళ్ళేది. ఇప్పుడు గంట కొట్టగానే సంచీ భుజాన వేసుకుని, కారిడార్లో చీపురు పట్టుకున్న తల్లిని దాటుకుని, ఎవరో తెలియనట్టు వెళ్ళిపోయేది. "ఆగవే" అని ఆయా పిలిచినా వెనక్కి తిరిగేది కాదు. అది చూసి మేడమ్ పిల్ల వెనకే రెండడుగులు వేసి ఆగిపోయింది. అయినా తప్పు తల్లిది కదా అని సర్దిచెప్పుకుంది.

సర్దిచెప్పుకుంది గానీ ఒక ముల్లు దిగబడి ఉంది. నాలుగు బకెట్లు ఎలా మోస్తోంది? మేడమ్ గేటు దగ్గర మాటువేసి కళ్ళలో వత్తులేసుకుని చూసింది. ఆయా ఉత్తచేతులతో వచ్చింది, చంకన చిన్న గుడ్డసంచీ ఉందంతే. "సంచీ చూపించు" అంది. మాట మాట్లాడకుండా చూపించింది. అందులో పాత తువ్వాలు, ఖాళీ టిఫిన్ డబ్బా ఉన్నాయి. అయితే ఇంకెవరో తోడున్నారు! గోడ అవతల నుంచి పైపేసి లాగుతున్నారా? బోరు దగ్గర దొంగ గొట్టం ఏమైనా ఉందా? ఇక ఆవిడకి నిద్ర పట్టలేదు.

శనివారం సాయంత్రం అందరూ వెళ్ళాక, ఒక్క మనిషికీ చెప్పకుండా మేడెక్కింది. టాంకు కిందున్న వాల్వు బిగించి, దాని చుట్టూ ఇనప తీగ మెలిపెట్టి కట్టింది. కర్ర ముంచి, తడి ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ మేకుతో గీత గీసింది. మేడ తలుపుకి తన సొంత తాళం వేసి, తాళంచెవి కొంగుకి ముడేసుకుంది. ఆదివారం బడికి సెలవు, పంపు కూడా వెయ్యరు. ఎవరు తాళం పగలగొడతారో, ఎవరు తీగ విప్పుతారో చూద్దాం అనుకుంది.

సోమవారం తెల్లవారగానే, పంపు వెయ్యకముందే వచ్చి చూసింది. తాళం వేసినట్టే ఉంది, తీగ మెలి కూడా చెదరలేదు. కర్ర ముంచింది. తడి సరిగ్గా మేకుగీత దగ్గర ఆగింది. చుక్క నీరు పోలేదు.

పట్టుబడతామని భయపడి మానుకున్నారు, అంతే కదా అనుకుంటూ కిందికి దిగి తెర వేసింది. వేసి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది.

ఆదివారం పొద్దున్నుంచీ గీత మెల్లగా పైకి లేచింది, మధ్యాహ్నం దాకా లేచింది. సాయంత్రం మెల్లగా దిగింది. అంటే వాల్వు కట్టేసిన టాంకులోకి ఎవరో నీళ్ళు తెచ్చి పోశారు, మళ్ళీ పోసినన్నీ తోడేశారు. ఒక్క క్షణం ఆవిడ బుర్ర ఆ పోసినవాడెవడా అని కూడా వెతికింది. ఏ దొంగైనా తాళం వేసిన మేడ మీదికి నీళ్ళు మోసుకొచ్చి పోస్తాడా? ఏమిటీ ఆలోచన, నాకేమైనా మతిపోయిందా అని తననే తిట్టుకుంది. అప్పుడు ఆ గీతని ఇంకోలా చూసింది. పొద్దెక్కితే ఎక్కింది, పొద్దుదిగితే దిగింది. అది నీళ్ళ గీత కాదు, ఎండ గీత.

కంప్యూటర్ సారు రాగానే చెయ్యి పట్టుకుని తెర ముందు నిలబెట్టింది. అతను చూశాడు. గాల్లో తిరిగే చేతులు కిందికి పడిపోయాయి.

"గాలి వేడెక్కితే చప్పుడు వేగంగా పోతుంది మేడమ్" అన్నాడు నీళ్ళు నములుతూ. "తొందరగా తిరిగొస్తుంది. డబ్బా ఏమో నీళ్ళు దగ్గరికొచ్చాయనుకుంటుంది. సాయంత్రం గాలి చల్లబడితే నీళ్ళు కిందికి పోయాయనుకుంటుంది. లోపల వేడి ఎంతో దానికి ఎప్పటికప్పుడు చెప్పాలి. నేను బిగించిన రోజు పొద్దున ఎంతుందో అదే పెట్టి వదిలేశాను. పగలంతా పిల్లలు వాడతారు కాబట్టి ఆ పెరగడం మనకి తెలియలేదు. సాయంత్రం తగ్గేదొక్కటే కనపడింది."

"మరి నాకు చెప్పవేమయ్యా!"

"మీరే రోజూ కొలిచి సరిపోయిందన్నారు కదా మేడమ్. మీరే అన్నాక ఇంకేం చూస్తామనుకున్నాను."

ఆవిడ కుర్చీలో కూలబడింది. కొలిచిన మాట నిజమే. రోజూ కొలిచింది, రోజూ పొద్దున్నే కొలిచింది. సాయంత్రం ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి మేడెక్కి కర్ర ముంచి ఉంటే! పాలవాణ్ణి అనుమానించింది, త్రాసుని అనుమానించింది, తను పెట్టిన గడియని అనుమానించింది. జన్మకొకసారి ఒక డబ్బా మీద నమ్మకం పెట్టుకుని, దాని మాట పట్టుకుని ఒక మనిషి సంచీ విప్పించింది. సిగ్గుతో భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది.

హెడ్మాస్టరుగారు మొదట నసిగాడు. "మరి ఆమే ఒప్పుకుందిగా?" అన్నాడు. మేడమ్ ఆయన్ని మేడ మీదికి లాక్కెళ్ళి తాళం, తీగ, మేకుగీత చూపించింది. దిగివచ్చేటప్పుడు, "సరే, ఉండమనండి" అన్నాడు.

ఆయా కారిడార్ చివర మెట్టు మీద తాళాల గుత్తి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. మేడమ్‌ని చూసి లేవబోయింది. మేడమ్ ఆవిడ భుజం పట్టి కూర్చోబెట్టి, పక్కనే తనూ కూర్చుంది.

"నువ్వు నీళ్ళు తియ్యలేదు. చుక్క కూడా తియ్యలేదు. నాకు తెలిసిపోయింది" అంది.

ఆయా తలెత్తి చూసింది.

"మరి తీశానని ఎందుకన్నావమ్మా? నేను భయపెట్టాననా?"

"భయం కాదమ్మా" అంది ఆయా. గుత్తిలో తాళాలు ఒక్కొక్కటే పక్కకి జరుపుతోంది. "ఆ రోజు పిల్లే వచ్చి చెప్పింది. అమ్మా, బోర్డు మీద లెక్క చేశాను, అందరూ చప్పట్లు కొట్టారు, మేడమ్ శభాష్ అన్నారు అని. ఎవరో తీస్తున్నారని చెప్పింది గానీ, అందరూ నన్నే అనుకుంటున్నారని చెప్పలేదు. అన్నం కూడా సరిగ్గా తినలేదమ్మా ఆ సంతోషంలో. నాకు చదువా, పాడా. ఆ గీతలేంటో, ఆ లెక్కేంటో నాకేం తెలుసు? మీరు పిలిచి అడిగారు. నేను తియ్యలేదంటే పిల్ల లెక్క తప్పయిపోతుంది కదమ్మా."

మేడమ్ కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఇప్పుడు తప్పయిపోయిందా?" అని అడిగింది ఆయా ఆత్రంగా.

"లేదమ్మా. లెక్క సరైనదే. మిషన్ ఇచ్చిన కొలత తప్పు. దాన్ని నమ్మిన నాది తప్పు."

"అయితే పరవాలేదు" అంది ఆయా. గొంతు తగ్గించి, "అది నాతో మాట్లాడ్డం లేదమ్మా. ఆ సంగతేదో మీరే చెప్పండి దానికి. నేను చెబితే నమ్మదు" అంది. అప్పుడు ఏడ్చింది. మేడమ్ కూడా ఏడ్చింది. కారిడార్లో పోయే పిల్లలు కళ్ళప్పగించి చూస్తుంటే, "పోండి, క్లాసులకి పోండి!" అని ముక్కు చీదుకుంటూనే గదిమింది.

మొదటి పీరియడ్‌లో తెరమీద ఆదివారం గీత వేసింది. తాళం సంగతి, తీగ సంగతి, మేకుగీత సంగతి, వేడిగాలి సంగతి వరసగా చెప్పింది. "నీళ్ళు ఎవరూ తియ్యలేదు. ఆయా తియ్యలేదు. మీలో ఎవరెవరు ఆమెని ఏమనుకున్నారో నాకు తెలీదు. అందరికంటే ముందు అనుకున్నదాన్ని నేను. నాదే తప్పు. పిచ్చుక చేసిన లెక్కలో మాత్రం తప్పు లేదు. తనకి ఇచ్చిన అంకె తప్పు, అంతే."

"మరి వాళ్ళమ్మ ఒప్పుకుందన్నారు కదా మేడమ్?" అన్నారు వెనకనుంచి.

మేడమ్ పిచ్చుక వైపు చూసింది. "కూతురి లెక్క తప్పవుతుందని" అంది.

ఆఖరి బెంచీలో పిచ్చుక ఒక్క క్షణం అలాగే కూర్చుంది. తర్వాత బెంచీ కింద పుస్తకాలు పడ్డ చప్పుడైంది. చెప్పాపెట్టకుండా, తలుపు కూడా వెయ్యకుండా క్లాసులోంచి పరుగెత్తింది. క్లాసంతా మేడమ్ మొహం వైపు తిరిగింది. ఎవరూ లేవద్దని ఆవిడ చేత్తో సైగ చేసింది. కారిడార్ చివర తాళాల గుత్తి నేలమీద పడిన చప్పుడు, ఆ వెంటనే పిచ్చుక ఏడుపు వినిపించాయి. తర్వాత ఆయా గొంతు, కసురుతూ:

"క్లాసు జరుగుతుంటే ఇలా పరిగెత్తుకొస్తావేంటే? ముక్కు తుడుచుకో ముందు. పద, పద లోపలికి, పాఠం పోతుంది!"